సముద్రము విడిచిపోయిన నగరము: బ్రూజ్

మన గ్రామములనుండి బిడ్డలు చదువులకును ఉద్యోగములకును ఐరోపా ఖండమునకు పోవుట ఇప్పుడు సామాన్యమైనది. వారిని చూచి రావలెనని తల్లిదండ్రులును బయలుదేరుచున్నారు. అట్లు పోయినవారు పారిస్ నగరపు ఇనుప గోపురమును, లండను నగరపు వంతెనను చూచి మరలివచ్చుట వాడుక. అవి చూడదగినవే. అయినను చరిత్రయందు ఆసక్తిగల పెద్దలు తప్పక చూడవలసిన చిన్న నగరమొకటి కలదు. అది బెల్జియము దేశములో ఫ్లాండర్స్ సీమలోని బ్రూజ్. రాబోవు వసంతకాలమున అచటికి మూడు దినముల యాత్ర చేయవలెనని నేను నిశ్చయించుకొంటిని. ఆ నగర చరిత్రను ముందుగా చదివి, ఏ స్థలమును మొదట చూడవలెనో, దేనిని తరువాత చూడవలెనో ఒక వరుస యేర్పఱచుకొంటిని. ఆ వరుసను, దానికి గల కారణములను శ్రోతలకు ఈ ప్రసంగములో మనవి చేసెదను.

బ్రూజ్ అనునది ఫ్రెంచి ఉచ్చారణము. ఆ నగరవాసులు మాటలాడునది డచ్చి భాష. వారు తమ ఊరిని బ్రుఖ్ఖ యని పిలుతురు. రాజధానియైన బ్రస్సెల్సునుండి రైలులో ఇంచుమించు ఒక గంట ప్రయాణము. నగరము కోడిగ్రుడ్డు ఆకారమున ఉండును. దానిచుట్టును కాలువ, కాలువ గట్టుమీద పూర్వపు కోట కట్టలు, ఆ కట్టలలో నేటికిని నిలిచియున్న నాలుగు పురద్వారములు కలవు. సముద్రము ఆ ఊరికి కొన్ని మైళ్ళ దూరమున ఉన్నది. ఈ దూరమే ఆ నగరపు చరిత్ర యంతయును.

సాధారణముగా యాత్రికులు రైలు దిగినతోడనే నడిబజారునకు పోయి, ఘంటాగోపురము చూచి, పడవ యెక్కి, సాయంకాలపు రైలులో వెళ్ళిపోవుదురు. నేను అట్లు చేయదలచుకొనలేదు. మొదటి దినము ఊరిని విడిచి, ఈశాన్యదిక్కుగా నాలుగైదు మైళ్ళ దూరమున నున్న డామ్మె అను చిన్న ఊరికి పోవలెనని నా సంకల్పము. అచటికి తిన్నని కాలువయొకటి కలదు. నెపోలియను చక్రవర్తి యాజ్ఞచే 19వ శతాబ్దారంభమున ఆ కాలువను త్రవ్వనారంభించిరి. గట్లమీద ఎత్తైన చెట్లు వరుసగా నున్నవి. నడిచియైనను, సైకిలుమీదనైనను, వేసవిలో పడవమీదనైనను పోవచ్చును. డామ్మెలో ఇప్పుడు పెద్ద చర్చియొకటి, అందమైన పురమందిరమొకటి, కొన్ని వీధులు మాత్రమే కలవు. చుట్టును పచ్చని పొలములు, పశువులు. ఇట్టిచోట ఇంతటి చర్చి యేల కట్టిరను ప్రశ్న చూచువానికి తోచకమానదు. దానికి ప్రత్యుత్తరము చెప్పుటకే నా యాత్ర అచట మొదలగుచున్నది.

1134వ సంవత్సరమున ఉత్తర సముద్రములో గొప్ప తుపాను చెలరేగి తీరమును చీల్చెనని, అందుచే సముద్రపునీరు లోనికి వచ్చుటకు జ్విన్ అను పాయ యేర్పడెనని చెప్పుదురు. ఆ పాయ కొన డామ్మె దగ్గఱకు వచ్చినది. బ్రూజ్ నగరవాసులు అచటినుండి తమ ఊరివఱకు కాలువ కట్టుకొనిరి. తుపాను కూల్చినది పోగా తుపాను ఇచ్చినది వారికి మిగిలెను. పెద్ద ఓడలు పాయలో లంగరు వేయును. సరకు చిన్న పడవలకు మారును. ఆ పడవలు కాలువ వెంట నడిబజారు వఱకును వచ్చును. రేవు లేని ఊరు ఈ విధముగా ఉత్తర ఐరోపాలోని ముఖ్యమైన రేవులలో ఒకటి యయ్యెను. 1277లో ఇటలీ దేశపు జెనోవా నగరమునుండి వర్తకపు ఓడలు అట్లాంటిక్ సముద్రమును చుట్టి నేరుగా ఇచటికి వచ్చినవి. 14వ శతాబ్దమున వెనీసు నగరపు ఓడలును వచ్చుచుండెను. ఉత్తరమునుండి హాన్సా యను జర్మను వర్తక సంఘమువారు తోళ్ళు, మైనము, చేపలు తెచ్చుచుండిరి. దక్షిణమునుండి ద్రాక్షాసారాయము, పట్టు, సుగంధద్రవ్యములు వచ్చుచుండెను. మన మలబారు మిరియము కూడ అరబ్బుల చేతులు, వెనీసువారి చేతులు మాఱి తుదకు ఈ కాలువలోనికి చేరుచుండెను.

వచ్చిన ఓడలు తిరిగి తీసికొనిపోవునది ముఖ్యముగా బట్ట. ఫ్లాండర్స్ సీమలో బ్రూజ్, గెంట్, ఈప్ర్ అను మూడు నగరములును నేతకు ప్రసిద్ధికెక్కినవి. గొఱ్ఱె ఉన్ని ఇంగ్లండునుండి వచ్చును. దానిని ఏకి, వడికి, నేసి, తొక్కి, రంగులద్ది, ముద్రవేసి అమ్ముదురు. ప్రతి వృత్తికిని ఒక సంఘము, ఆ సంఘమునకు కట్టుబాట్లు ఉండెను. ఉన్ని నౌకలు రెండు మాసములు రాకపోయిన మగ్గములు నిలిచిపోవును. మగ్గములు నిలిచిన ఊరంతయు ఆకలిగొనును. నేతపని యెఱిగిన మన పెద్దలకు ఈ సంగతి విప్పి చెప్పనక్కఱలేదు.

ఇదే శతాబ్దమున మన తీరమందును ఇట్టి రేవొకటి వర్ధిల్లినది. 1244లో కాకతీయ గణపతిదేవ చక్రవర్తి మోటుపల్లిలో అభయశాసనము వేయించెను. పూర్వపు రాజులు ఓడ పగిలి ఒడ్డునకు కొట్టుకొనివచ్చిన సరకును హరించుచుండగా, తాను నియమితమైన సుంకము తప్ప వేఱేమియు గొననని పరదేశి వర్తకులకు ఆయన మాట యిచ్చెను. మార్కోపోలో కొనియాడిన సన్నని నూలుబట్టలు ఆ తీరమునుండియే పోయినవి. నేడు మోటుపల్లి ఒక పల్లె. రేవు ఎట్లు పెరుగునో, ఎట్లు పోవునో తెలిసికొనుటకు మనకు దూరదేశము పోనక్కఱలేదు గాని, దాని కథను మొదటినుండి తుదివఱకు ఒకేచోట నిలిచి చూడగోరినచో బ్రూజ్‌కు సమానమైనది అరుదు.

రెండవ దినము నడిబజారునకు పోదును. అచటి ఘంటాగోపురము కట్టుట 1240 ప్రాంతమున మొదలైనది. మోటుపల్లి శాసనమునకు సమకాలిక మనవచ్చును. దాని యెత్తు 83 మీటర్లు. పైకెక్కుటకు 366 మెట్లు కలవు. మోకాళ్ళనొప్పి గలవారు క్రిందనుండియే గంటల మ్రోత వినుట మేలు. మన ఊళ్ళలో గోపురమనగా దేవాలయమునకు చెందినది. ఈ గోపురము చర్చిది కాదు, ఊరిది. పట్టణమునకు రాజు ఇచ్చిన హక్కు పత్రములను ఇందలి గదిలో ఇనుపతలుపుల వెనుక భద్రపఱచెడివారు. పని ప్రారంభమునకు, పని ముగింపునకు, అగ్నిభయమునకు, శత్రుభయమునకు గంటలు మ్రోగెడివి.

బజారు నడుమ ఇద్దఱి విగ్రహములు కలవు. ఒకడు పీటర్ డి కోనింక్ అను నేతగాడు, రెండవవాడు యాన్ బ్రైడెల్ అను మాంసపు వర్తకుడు. 1301లో ఫ్రాన్సు రాజు ఈ నగరమునకు విచ్చేసెను. ఆయన సత్కారమునకైన వ్యయమును ఎవరు భరింపవలెనను వివాదము ముదిరి తిరుగుబాటునకు దారితీసినది. 1302 మే 18వ తేదీ వేకువజామున నగరవాసులు ఫ్రెంచి సేనపై బడి వందలమందిని సంహరించిరి. అదే సంవత్సరము జులై 11న కూర్త్రె నగరము వెలుపల, నేతగాండ్రును చేతిపనివారును కాలినడకను నిలిచి, గుఱ్ఱములెక్కిన ఫ్రెంచి ప్రభువుల సైన్యమును ఓడించిరి. చచ్చిన ప్రభువుల బంగరు మడమముళ్ళను వందలకొలది ఏఱి చర్చిలో వ్రేలాడదీసిరి. నేటికిని జులై 11 ఫ్లాండర్స్ ప్రజలకు పండుగదినము.

అదే బజారునకు తూర్పుప్రక్క నిలిచి, లేనిదానిని కూడ చూడవలెనని నా యభిప్రాయము. అచట పూర్వము కాలువమీదనే కట్టిన పెద్ద సరకుల చావడి యుండెను. పడవలు దాని పైకప్పు క్రిందికే వచ్చి నిలుచుచుండెను. 1787లో దానిని పడగొట్టిరి. కొంతదూరమున బరువులెత్తు పెద్ద కొయ్యయంత్ర ముండెను. దాని చక్రములలో మనుష్యులు నడచుచుండగా ద్రాక్షాసారాయపు పీపాలు పైకి లేచుచుండెను. అదియు లేదు, దాని పేరు మాత్రము ఒక కూడలికి మిగిలినది. మఱికొంత దూరమున వాన్ డెర్ బూర్జె అను కుటుంబమువారి సత్రము కలదు. దేశదేశముల వర్తకులు దానియెదుట చేరి హుండీలు మార్చుకొనుచుండిరి. ఆ యింటిపేరునుండియే ధనవిపణికి ఐరోపా భాషలలో బూర్స్ అను పేరు వచ్చెనని చెప్పుదురు.

15వ శతాబ్దమున ఈ నగరము బర్గండీ ప్రభువుల ఏలుబడిలో ఉండి మహావైభవమును పొందెను. ఫ్లారెన్సు నగరపు మెడిచీ కుటుంబమువారు ఇచట తమ సాహుకారు కొట్టు పెట్టిరి. చిత్రకారుడు యాన్ వాన్ ఐక్ ఇచటనే కాపురముండి 1441లో మరణించెను. ఆయన 1436లో ముగించిన చిత్రమొకటి నగర చిత్రశాలలో నున్నది. అందలి వృద్ధ మతాచార్యుని ముఖములోని ముడుతలు, చేతనున్న కండ్లజోడు, క్రింద పఱచిన తివాచీ నేత కూడ లెక్కపెట్టదగినట్లుండును. బట్ట నేసిన ఊరు గనుక బట్టను చూచు కన్ను ఆ చిత్రకారునకు కలిగెను కాబోలు.

ఇట్టి నగరము ఎట్లు పడిపోయెను? పుస్తకములలో సామాన్యముగా కనబడు సమాధానము ఒక్కమాటలో ఉన్నది: పాయ పూడిపోయినది. ఇది నిజమే. కాని పాయ యేల పూడెనని అడిగినప్పుడు కథ మనకు బాగుగా తెలిసినదగును. సముద్రపు పోటు దినమునకు రెండుమారులు వెడల్పైన చిత్తడినేలలలోనికి పొర్లి, తిరిగి వేగముగా వెనుకకు పోవుచు ఇసుకను, ఒండ్రును ఈడ్చుకొనిపోవుచుండెను. ఆ పాటు వేగమే పాయను లోతుగా నుంచినది. అయితే ఆ చిత్తడినేలలకు గట్లు పోసినచో మంచి సేద్యపు భూములగును. కావున మఠములవారు, భూస్వాములు, రైతులు తరతరములుగా గట్లు పోసికొనుచు వచ్చిరి. ఏ యొక్క గట్టును పాయను చంపలేదు. ప్రతి గట్టును కొంచెము నీటిని తగ్గించెను. నీరు తగ్గిన కొలది పాటు మందగించెను. పాటు మందగించిన కొలది ఒండ్రు నిలిచెను. చెరువు శిఖమును ఏటేట ఒక చాలు చొప్పున దున్నుకొనువారిని మనమెఱుగుదుము. ఇది ఆ కథయే.

నగరవాసులు ఊరక కూర్చుండలేదు. డామ్మె పూడినప్పుడు రేవు స్లూయిస్ అను ఊరికి జరిగెను. పలుమారులు పూడిక తీయించిరి, కొత్తదారులు త్రవ్వించిరి. కాని ఊరు ఒకచోట, పాయ వేఱొకచోట. పాయ యొడ్డున నున్న ఊళ్ళతోను, భూస్వాములతోను తగవులు తప్పలేదు. 1340లో స్లూయిస్ యెదుట ఇంగ్లండు నౌకాదళము ఫ్రెంచి నౌకాదళమును నాశనము చేసినది. వందలకొలది ఓడలు పెనగులాడిన ఆ తావు నేడు చాలవఱకు పొలము.

పూడికకు తోడు కలహము వచ్చెను. బర్గండీ వంశపు వారసురాలగు మేరీ 1482లో గుఱ్ఱముమీదనుండి పడి మరణించెను. ఆమె భర్త మాక్సిమిలియన్ బిడ్డల తరఫున అధికారము వహింపగా, పన్నులవిషయమునను హక్కులవిషయమునను నగరముతో విరోధము కలిగెను. 1488లో నగరవాసులు ఆయననే పట్టి బజారులోని ఇంటిలో నిర్బంధించి, ఆయన అధికారియైన పీటర్ లాంకాల్స్ అనువానికి శిరచ్ఛేదము చేసిరి. మూడు మాసములకు పైగా ఖైదులో నుండి బయటపడిన ప్రభువు ఈ పరాభవమును మఱవలేదు. పరదేశి వర్తకులను బ్రూజ్ విడిచి ఆంట్‌వెర్ప్ నగరమునకు పోవలసినదిగా ఆయన ఆజ్ఞాపించెను. ఆంట్‌వెర్ప్‌లో లోతైన నది యున్నది. పోయిన వర్తకులలో పెక్కుమంది తిరిగిరాలేదు. 1498లో వాస్కోడగామా కళ్ళికోట చేరెను. 1501లో పోర్చుగీసువారి మిరియపు ఓడ ఆంట్‌వెర్ప్‌కు వచ్చెను. మన మిరియమునకును బ్రూజ్ దారి తప్పినది. 1585లో ఆంట్‌వెర్ప్ స్పెయినువారి వశమైనపుడు అచటి వర్తకులు, నేతగాండ్రు అనేకులు హాలెండునకు తరలిరి. ఆ హాలెండునుండియే 17వ శతాబ్దారంభమున డచ్చివారు మన మచిలీపట్టణమునకు బట్ట కొనుటకు వచ్చిరి.

సంపద పోవుట ఒక్కదినమున జరుగలేదని తెలిపెడి సాక్ష్యమొకటి అవర్ లేడీ చర్చిలో కలదు. అందు మైకెలాంజెలో చెక్కిన తల్లీబిడ్డల పాలరాతి విగ్రహ మున్నది. దానిని ఇటలీనుండి తెప్పించినవారు ఈ ఊరి బట్టల వర్తకులే. తెప్పించినది 16వ శతాబ్దారంభమున, అనగా పతనము ఆరంభమైన పిదప. ఇంటిలో ధనమున్నంతకాలము ఏటిలో ఒండ్రు కనబడదు కాబోలు. దానిని 1794లో ఫ్రెంచివారును, 1944లో జర్మనులును ఎత్తుకొనిపోయిరి; రెండుమారులును తిరిగివచ్చినది. ఆ చర్చిలోనే మేరీ సమాధియు, ఆమె తండ్రి చార్లెస్ సమాధియు ఉన్నవి.

అటుపిమ్మట మూడువందల యేండ్లు ఊరు నిద్రించినది. 19వ శతాబ్దపు నడుమ అది బెల్జియములోని మిక్కిలి బీద నగరములలో నొకటి. స్త్రీలు, బాలికలు దీపపు వెలుగున అల్లిక లేసులు అల్లి కుటుంబములను పోషించుకొనిరి. కొత్త కర్మాగారములు రాలేదు. కట్టుటకు ధనము లేదు గనుక పాతయిండ్లను పెద్దగా కూల్చలేదు. 1892లో రోడెన్‌బాక్ అను రచయిత ఈ ఊరిని మృతనగరముగా వర్ణించి ఫ్రెంచిలో ఒక నవల వ్రాసెను. ఆ నవల చదివి యాత్రికులు రాసాగిరి. నగరవాసులు ఆ మాటకు నొచ్చుకొనిరి. 1907లో తీరమున జీబ్రూజ్ అను కొత్త రేవును, దానికి లోతైన కాలువను తెఱచి తమ ఊరిని మరల సముద్రముతో కలిపిరి. ఇట్లు పేదఱికమే కాపాడిన నగరమును 2000వ సంవత్సరమున యునెస్కో ప్రపంచవారసత్వ స్థలముగా గుర్తించినది.

మూడవ దినమును నేను మిగిలినవానికి కేటాయించితిని. మొదట సెయింట్ జాన్ వైద్యశాల. దీనిని 12వ శతాబ్దమున యాత్రికులకును, బీద రోగులకును కట్టిరి. చిత్రకారుడు మెమ్లింగ్ దీనికొఱకు వేసిన చిత్రములు ఇచటనే యున్నవి. 1489లో ముగిసిన సెయింట్ ఉర్సులా పేటికయు ఇచటనే. పాత మందిరము ఇప్పుడు ప్రదర్శనశాల. కాని ఆ ఆవరణములో రోగులకు సేవ 1970వ దశకము వఱకును, అనగా ఎనిమిది వందల యేండ్లు, జరిగినది. తరువాత బెగైనుల వాడ. 1245లో స్థాపించిన ఈ వాడలో, జీవితాంతము సన్న్యాస మీయక, నూలు వడికియు లేసు లల్లియు తమ పొట్ట తాము పోసికొనుచు దైవచింతనతో నుండు స్త్రీలు నివసించిరి. 1927నుండి సన్న్యాసినుల మఠ మచట నున్నది. తెల్లని యిండ్లు, నడుమ చెట్లు. వసంతమున ఆ పచ్చికలో పసుపుపచ్చని పూలు పూయును. నా యాత్రకు వసంతము నెంచుకొనుటకు ఇదియు నొక కారణము.

కడపట వృద్ధుల యిండ్లు. 14వ శతాబ్దము మొదలు వృత్తి సంఘములును, ధనికులును దిక్కులేని వృద్ధులకొఱకు వరుసగా చిన్నయిండ్లు కట్టించిరి. లోపల తోట, నడుమ బావి. అందుండువారు దాత ఆత్మశాంతికై ప్రార్థింపవలెను. అట్టివి 40కి పైగా నేటికిని నిలిచియున్నవి. 1613లో వెలసిన డె మ్యూలెనారె వారి యిండ్లు వానిలో నొకటి. అనేకములందు ఇప్పటికిని వృద్ధులే కాపురమున్నారు. అచటికి పోయినప్పుడు మాటలు తగ్గించి, కిటికీలలోనికి తొంగిచూడక నడువవలెను. అవి యింకను కాపురమున్న యిండ్లు.

ప్రయాణ విషయములు కొన్ని. షెన్‌గెన్ ప్రవేశానుమతి ముందుగా పొందవలెను. రాత్రి ఊరిలోనే బసచేయుట మంచిది. పగటి యాత్రికుల గుంపులు పోయిన పిదపనే వీధులు తమ నిజరూపమును చూపును. వీధులు రాళ్ళు పఱచినవి గనుక మెత్తని యడుగుగల బూట్లు, ఎప్పుడైనను వాన పడును గనుక గొడుగు వలయును. శాకాహారులకు రొట్టె, జున్ను, వేయించిన బంగాళాదుంపలు ఎచటనైనను దొరకును. నాల్గవ దినము చేతనున్నవారు ఈప్ర్ నగరమునకు పోయి రావలెను. బ్రూజ్‌తో సమముగా బట్ట నేసిన ఆ నగరము మొదటి ప్రపంచయుద్ధములో నేలమట్టమైనది. ఇప్పుడున్నది తిరిగి కట్టినది. 1914లో మన దేశపు సైనికులు ఆ బురద నేలలలో పోరాడిరి. సమాధి దొరకని వారి పేర్లనేకములు అచటి మెనిన్ ద్వారముపై చెక్కబడియున్నవి. భారతీయుడు ఆ గోడయెదుట కొంతసేపు నిలిచి రావలెను.

శ్రోతలారా, నా వరుసకు గల కారణము ఇప్పుడు మీకు విశదమైయుండును. మొదటి దినము నీరు, రెండవ దినము ధనము, మూడవ దినము ధర్మము. నీటిని పొలములకై కొంచెము కొంచెముగా కోసికొనిరి, అది పోయినది. ధనము నీటివెంట పోయినది. సరకుల చావడి పోయినది, బరువులెత్తు యంత్రము పోయినది. గోపురమును పురమందిరమును నిలిచినవి గాని వానిని కట్టించిన వర్తకము నిలువలేదు. రోగికి వేసిన మంచము, వృద్ధురాలికి కట్టిన గది మాత్రము కట్టిన పనికే వందలయేండ్లు నిలిచినవి. తమ పేరు నిలుపుకొనవలెనని ఆ ఊరి ధనికులు చేసిన వ్యయములలో తక్కువ ధనమైనది ఇదియే కాబోలు. చెరువు పూడిక తీయించుటయా, సత్రము బాగుచేయించుటయా యని మన ఊరి పెద్దలు కూర్చుండి ఆలోచించునపుడు, రెండును చేయవలెనని ఈ నగరము చెప్పుచున్నది: మొదటిది ఊరు బ్రతుకుటకు, రెండవది ఊరు బ్రతికినదనుటకు.